కమిలిన మణికట్లు

"మా ఆయన మా నాన్నను చంపలేదమ్మా. కానీ చంపానని రేపు జడ్జి ముందు ఒప్పుకుంటాడట!"

కూర్చోమనకముందే సిగ్నీ ఏడుపు అందుకుంది. ఎదురుగా ఉన్నది మార్టా లెహ్టో. ఉత్తర మిషిగన్ అడవుల్లో ప్రైవేటు డిటెక్టివ్ అంటే ఆవిడొక్కతే. అసిస్టెంటు ఎడ్డీ కాఫీ తెచ్చి ఇస్తే సిగ్నీ తాగకుండానే జరిగింది చెప్పింది.

జింకల వేట మొదలైన రోజు అడవిలోని క్యాబిన్‌లో ముగ్గురున్నారు. సిగ్నీ తండ్రి వెయికో హర్యు, ఆయన చిరకాల వేట నేస్తం ఆర్మస్ కివెలా, అల్లుడు రే. వేటకని వెయికో బురదనేల వైపు, ఆర్మస్ గుట్ట మీదికి వెళ్ళారు. రే పట్నంవాడు, తుపాకీ పట్టడం అదే మొదలు. పొద్దున్నే పొదల్లోంచి దూకిన జింకను కాల్చాడు, గురి తప్పింది. మధ్యాహ్నమైనా వెయికో తిండికి రాకపోతే ఆర్మస్, రే వెతుకుతూ వెళ్ళారు. సరిగ్గా ఆ పొదల వెనక దారిలో వెయికో చచ్చి పడున్నాడు, ఛాతీలోంచి తూటా దూసుకుపోయి. పక్కనే రెండు చక్రాల వేటబండి, దాని మీద ఆయన కొట్టిన పెద్ద కొమ్ముల జింక.

"అన్నం ముట్టడు, నిద్రపోడు. తుపాకీ ఎక్కడ పెట్టావని అడుగుతున్నాడు. దాచేశాను. ఎన్నాళ్ళని కాపలా కాయను?"

మార్టా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

ఆస్పత్రిలో శవాన్ని చూపిస్తూ డాక్టరు విసుక్కున్నాడు. తూటా ఎదుట దూరి వీపులోంచి పోయింది, ఇందులో తేల్చడానికేముందని. మార్టా గాయం వంక ఒక్కసారి చూసి వదిలేసి, చేతులు పైకెత్తింది. రెండు మణికట్ల చుట్టూ నల్లగా కమిలిన చారలున్నాయి.

"బండి లాగాడు కదమ్మా, పిడి ఒత్తుకుని ఉంటుంది."

"పిడిని అరచేత్తో పట్టుకుంటారు డాక్టరుగారూ, మణికట్టుతో కాదు. ఎడ్డీ, ఆ కోటు తిప్పు."

కోటు ముందువైపు నెత్తుటి మరక తప్ప ఇంకేమీ లేదు. వీపంతా మాత్రం జింక వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఎడ్డీకి ఏమీ అర్థం కాలేదు గానీ, ఆవిడ పెదవి బిగించిందంటే ఎవడి పనో అయిపోయిందని మాత్రం తెలుసు.

క్యాబిన్‌లో ఆర్మస్ పొయ్యి దగ్గర మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటున్నాడు. భారీ మనిషి, నోరు ఇంకా భారీ.

"పట్నం బాబు చేతికి తుపాకీ ఇవ్వొద్దురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నాడా వెయికో? కూతురి మొగుడని నెత్తికెక్కించుకున్నాడు!"

"మీరెన్ని కాల్చారు ఆ రోజు?"

"ఒక్కటీ లేదు. రోజంతా గుట్ట మీదే."

"బురదనేల వైపు వెళ్ళలేదా?"

"అటు అడుగే పెట్టలేదు."

పెరట్లో దూలానికి వేలాడుతున్న జింకను మార్టా చుట్టూ తిరిగి చూసింది. భుజంలో ఒక తూటా రంధ్రం, పొట్ట పక్కన ఇంకొకటి. వెయికో కట్టిన తాడు ఇంకా అలాగే ఉంది. ముందుకాళ్ళు రెండూ కలిపి కొమ్ములకు బిగించాడు.

వెయికో చనిపోయిన రోజు సాయంత్రమే కురిసిన మంచు జాడలన్నీ మింగేసింది. అయినా ఆవిడ నేల చూడలేదు, ఆకాశం చూసింది. బురదనేల మీద కాకులు గోల చేస్తున్నాయి. జింకను చీల్చి పేగులు పారేసిన చోట కాకులు దిగకుండా ఉంటాయా? ఎడ్డీ పారతో మంచు తవ్వితే పేగుల కుప్ప బయటపడింది. దానికి కాస్త ఎడంగా ఇంకో నెత్తుటి మడుగు, గడ్డకట్టి ఉంది. వెనక చెట్టులో, మనిషి గుండె ఎత్తున, తూటా ఒకటి దిగబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే కోర్టుకు బయల్దేరిన రేని షెరీఫ్ చేత క్యాబిన్‌కు తిప్పించింది. సిగ్నీ, ఆర్మస్, డాక్టరు కూడా వచ్చారు. ఎడ్డీ బండి మీద వెల్లకిలా పడుకున్నాడు.

"రే, వీణ్ణి కట్టి అటూ ఇటూ లాగు."

రే కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఛాతీ మీదుగా తాడు చుట్టి లాగాడు. నాలుగడుగులు పోయిందో లేదో, "చచ్చాన్రా దేవుడా, నా వేళ్ళు!" అని ఎడ్డీ కేకేసి, తాడు వదుల్చుకుని కిందికి దూకాడు.

ఆర్మస్ పకపకా నవ్వాడు. "చేతులు కట్టకుండా లాగుతారట్రా దద్దమ్మా! చక్రాల్లో ఇరుక్కోవూ?"

"అదే నేనూ అడుగుతున్నా," అంది మార్టా. "వెయికో చేతులు కట్టిందెవరు?"

నవ్వు ఆగిపోయింది.

"వెయికో వీపుకు జింక వెంట్రుకలున్నాయి. అంటే ఈ బండి మీద పడుకున్నాడు. బురదనేలలో ఆయన్ని కాల్చి, బండి మీది జింకను దించి ఆయన్ని ఎక్కించి, రే తూటా పోయిన దారిలో పడేసి, తర్వాత జింకను తెచ్చి పెట్టారు. జింకకు కట్టినట్టే మనిషికీ చేతులు కట్టారు. ఆ కట్టు రేకి తెలీదని ఇప్పుడే చూశాం. ఇక మిగిలింది మీరే. చెట్టులో దొరికింది మీ తుపాకీ తూటాయే, రేది ఇంకా సన్నం."

"ఆ జింక నాది!" ఆర్మస్ అరిచాడు. "ముందు పొట్టలో కొట్టింది నేను! నెత్తుటి జాడ పట్టుకుని పోతే, వాడు భుజంలో ఇంకోటి పేల్చి, కోసి బండికి కట్టేశాడు. పడగొట్టినవాడిదే వేట అని పళ్ళికిలించాడు!"

"చచ్చినవాడి చెయ్యి కమిలి నల్లబడదు ఆర్మస్. బండెక్కించేటప్పటికి ఆయన బతికే ఉన్నాడు."

ఆర్మస్ మొహం తిప్పుకున్నాడు. "నా పేరే పిలిచాడు. దారంతా."

"బాబాయ్!" అని సిగ్నీ గొంతు చీలేలా అరిచింది. ఆర్మస్ ఒరలోంచి కత్తి లాగి మార్టా మీదికి ఉరికాడు. షెరీఫ్ కదిలేలోపు రే బండి పిడి ఎత్తి అతని దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. మళ్ళీ కొట్టాడు. మూడోసారి ఎత్తినప్పుడు సిగ్నీ వెనకనుంచి వాటేసుకుంది.

పిడి చేజారింది. రే మంచులో మోకాళ్ళ మీద కూలబడి, చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నేను కాదు సిగ్నీ... నేను కాదు..."

"కాదయ్యా," అని ఆమె అతని తల గుండెకు హత్తుకుంది. "నువ్వు కాదు."