మందారం వెనక మనిషి

ఉదయం ఏడు దాటితే పెరట్లో మందారం కొమ్మ మీది ఎండ పక్కకి జరిగిపోతుంది. అందుకే సత్యదేవ్‌కి అంత తొందర. మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని, కెమెరా కంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కొమ్మకి అటువైపు నీడలో ఆయన భార్య ఝాన్సీలక్ష్మి వంగి, పువ్వు కింద కాడను రెండు వేళ్లతో పట్టుకుని ఉంది.

"కదులుతోంది ఝాన్సీ!"

"గాలండీ."

"గాలెక్కడుంది? ఒక్క ఆకు కదలడం లేదు. రెండు సెకన్లు నిలకడగా పట్టుకోవడానికి ఏమైంది నీకు? ఈమధ్య రోజూ ఇదే వరస."

ఆమె రెండో చేయి కూడా తెచ్చి కాడను గట్టిగా పట్టుకుంది. పువ్వు నిలిచింది. సత్యదేవ్ గబగబా పది ఫోటోలు తీసుకుని, "చాల్లే, వెళ్లు" అన్నాడు. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికి నడిచింది. ఆయన అప్పటికే కెమెరా వెనక తెరలో మందారాన్ని చూసుకుంటున్నాడు.

బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద భీమవరం నుంచి వచ్చి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న మనిషి సత్యదేవ్. రిటైరైన రెండేళ్లలో ఈ పువ్వుల ఫోటోలే ఆయన లోకమైపోయాయి. అందులోనూ ఆయనదొక పద్ధతి. ఎండ పడిన పువ్వుని దగ్గరగా తీసి, కంప్యూటర్ ముందు కూర్చుని, రేకుల అంచు వెంట బ్రష్ నడిపి, వెనకాల ఉన్న వెలుగునంతా తగ్గించేస్తాడు. గోడ, నీళ్ల పైపు, ఆరేసిన దుప్పట్లు, కాడ పట్టుకున్న వేళ్లు, అన్నీ మాయమవుతాయి. నల్లపట్టు మీద పెట్టినట్టు పువ్వొక్కటే మిగులుతుంది. "స్టూడియోలో తీశారా సార్?" అని ఫోటో క్లబ్బులో అడిగితే, "లేదండీ, మా పెరట్లోనే" అని చెప్పడంలో ఆయనకి మహా గర్వం. వచ్చే ఆదివారం క్లబ్బులో ఆయన ఫోటోలు పన్నెండు ప్రదర్శనకి పెడుతున్నారు.

పదింటికి బోయిన్‌పల్లి నుంచి కూతురు సింధూర వచ్చింది.

"అమ్మని డాక్టర్‌కి చూపించాలి నాన్నా. అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మొన్న గోంగూర పచ్చడి కొలతలు రాసిమ్మంటే రాసిచ్చింది. ఒక్క ముక్క చదవలేకపోయాను. అక్షరాలు చీమల్లా అయిపోయాయి."

"వయసొస్తే చేతులు వణకవా ఏంటి? ఇవాళ నేను ప్రింట్లు తెచ్చుకోవాలి."

"ప్రింట్లు రేపు తెచ్చుకోవచ్చు" అంది సింధూర, కారు తాళాలు చేతిలోకి తీసుకుంటూ.

నరాల డాక్టర్ శాంతికుమార్ ఝాన్సీలక్ష్మిని నడిపించాడు. వేళ్లు కలిపి విప్పమన్నాడు. పేరు రాయమన్నాడు. చివరికి, "ఈ వణుకు ఎప్పట్నుంచి ఉందమ్మా?" అని అడిగాడు.

ఆమె భర్త వంక చూసింది.

"ఓ పదిహేను రోజుల నుంచి సార్" అన్నాడు సత్యదేవ్.

డాక్టర్ కలం పక్కన పెట్టాడు. "పదిహేను రోజుల్లో ఇంత రాదండీ. ఇది పార్కిన్సన్స్‌లా ఉంది. భయపడక్కర్లేదు, మందులున్నాయి, చాలా ఏళ్లు బాగానే ఉండొచ్చు. కానీ ఎప్పుడు మొదలైందో, ఎలా పెరిగిందో నాకు సరిగ్గా తెలియాలి. ఇంట్లో తీసిన ఫోటోలూ వీడియోలూ ఏవైనా ఉంటే ఎల్లుండి తీసుకురండి."

ఇంటికి రాగానే సింధూర తిన్నగా తండ్రి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"అందులో మీ అమ్మ ఫోటోలేం ఉండవమ్మా. అన్నీ పువ్వులే."

"ఈ పువ్వుల్ని ఎవరు పట్టుకున్నారు నాన్నా?"

సింధూర ఒక మందారం ఫోటో తెరిచింది.

"నువ్వు ఎంత మార్చినా అసలు ఫోటో లోపల అలాగే ఉంటుందన్నావు కదా. ఎలా చూడాలి? ఇదేనా?" అంటూ ఆమె మీట నొక్కింది.

నలుపు విడిపోయింది. గోడ వచ్చింది, పైపు వచ్చింది, వాటి ముందు ఝాన్సీలక్ష్మి వచ్చింది.

కిందటి ఏడాది జూలై, ముద్దమందారం. వెనక ఆమె నిటారుగా నిలబడి, కెమెరా పట్టుకున్న మొగుణ్ణి చూసి నవ్వుతోంది. సెప్టెంబర్, శంఖుపువ్వు. నిలబడే ఉంది, కానీ భుజం గోడకి ఆనింది. డిసెంబర్, చేమంతి. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. కాడ పట్టుకున్న ఎడమచేయి స్పష్టంగా ఉంది. ఒళ్లో పెట్టుకున్న కుడిచేయి మాత్రం అలికేసినట్టు మసకగా ఉంది. ఫిబ్రవరిలో మరింత మసక. మే నెల వచ్చేసరికి ముఖంలో నవ్వు కూడా లేదు. కళ్లు మాత్రం ప్రతి ఫోటోలోనూ ఆయన వైపే ఉన్నాయి.

సింధూర తండ్రి వైపు తిరిగింది. "ఒక్కో ఫోటో పెద్దది చేసుకుని గంటలు గంటలు కూర్చుంటావు కదా నాన్నా. ఈ చేతి చుట్టూ బ్రష్ తిప్పి మరీ చెరిపేశావు. అప్పుడైనా కనపడలేదా?"

కనపడింది. చేమంతి ఫోటోలో ఆ మసక మచ్చ ఎంతకీ నలుపులో కలవక అరగంట తిప్పలు పెట్టింది. "ఈవిడ కుదురుగా కూర్చోదు" అని విసుక్కున్నది గుర్తుంది. అది భార్య చేయి అని తెలుసు. ఎందుకలా ఉందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

గుమ్మంలో చీపురు పట్టుకుని పనిమనిషి బుచ్చమ్మ నిలబడి ఉంది. "యాడాది సంది అమ్మకు చెయ్యి వణుకుతనే ఉంది బిడ్డా. ముగ్గు సుత నేనే ఏస్తున్న. సారుకు చెప్పమ్మా అంటే, ఇప్పుడొద్దు బుచ్చమ్మా, ఆయన పరేషాన్ అయితడు అన్నది."

సత్యదేవ్ తల ఎత్తలేకపోయాడు. ఇల్లు ఊడ్చే మనిషికి తెలిసింది. బోయిన్‌పల్లిలో ఉన్న కూతురికి నాలుగు అక్షరాలు చూడగానే తెలిసింది. రోజూ మూరెడు దూరంలో కూర్చున్న తను డాక్టర్ ముందు పదిహేను రోజులని చెప్పాడు.

లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఝాన్సీలక్ష్మి స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అన్నీ వినే ఉంటుంది.

"నాకెందుకు చెప్పలేదు ఝాన్సీ? తిడతాననా?"

"మీ తిట్లు నాకు కొత్తా?" అందామె తల ఎత్తకుండానే. ఇంకో కాయ అందుకుంటూ చెప్పింది. "కొమ్మని పట్టుకునే క్లిప్పు అమ్ముతున్నారని ఒకసారి అన్నారు చూడండీ, మనిషితో పనుండదని. చెయ్యి బాగోలేదంటే అది కొనేసుకుంటారు కదా. పొద్దున్న ఆ అరగంటే మీరు నా ఎదురుగా కూర్చునేది. ఆ తరవాత భోజనం కూడా కంప్యూటర్ దగ్గరే కదా మీకు."

సత్యదేవ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. చిక్కుడుకాయల పళ్లెం పక్కకి జరిపి, ఆమె కుడిచేయి తీసుకున్నాడు. ఎగిరిపోదామని గింజుకునే పిట్టలా అది ఆయన అరచేతుల్లో కొట్టుకుంది. ఆ చేతికి నుదురు ఆనించి, ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో మొదటిసారి భార్య ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊరుకోండి. పిల్ల చూస్తుంది."

"చూడనీ."

గుమ్మం దాకా వచ్చిన సింధూర చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయింది.

రెండు రోజుల తరవాత డాక్టర్ గదిలో సత్యదేవ్ ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు. పద్నాలుగు నెలల ఫోటోలు, తారీఖుల వరసన. అన్నీ దిద్దక ముందువి. డాక్టర్ ఒక్కొక్కటే చూస్తూ ఆశ్చర్యపోయాడు.

"ఇంత వివరంగా నాకు ఎవరూ తెచ్చివ్వలేదండీ. మరి మొన్న పదిహేను రోజులన్నారే?"

ఝాన్సీలక్ష్మి వెంటనే అందుకుంది. "ఆయన తప్పేం లేదు డాక్టర్ గారూ. నేనే చెప్పలేదు. పాపం ఆయనకేం తెలుసు..."

"వద్దు ఝాన్సీ" అన్నాడు సత్యదేవ్. "ఈసారి నన్ను చెప్పనీ."

కుర్చీ ఆమె పక్కకి జరుపుకున్నాడు. మొదటి ఫోటోలో, మందారం వెనక, తనని చూసి నవ్వుతున్న మనిషి మీద వేలు పెట్టాడు.

"ఈవిడ నా భార్య సార్" అని మొదలుపెట్టాడు.