సీసం తొడిగిన పెట్టె

హోటల్ లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల అణు తనిఖీ అధికారి గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా మీద ఎర్రటి మరక. గదితాళం ఇంకా చేతిలోనే ఉంది.

గంట తిరక్కముందే ఏజెంట్ డేగ బాస్ ముందున్నాడు. అణ్వస్త్ర నిరోధక విభాగం ఆఫీసు రక్షణశాఖ భవనం సెల్లార్‌లో ఉంటుంది. పై అంతస్తులన్నీ క్షిపణుల వాళ్లవి. అక్కడి ఏసీల నీళ్లు వీళ్ల గోడల మీదుగా కారుతుంటాయి.

"పాత రియాక్టర్ నుంచి బాంబుకు పనికొచ్చే యురేనియం మాయమైంది," అన్నాడు బాస్. "విదేశీ ముఠా పని. ఈ మధ్యాహ్నం ఓడెక్కిస్తున్నారు. పంటి డాక్టర్లు వాడే ఎక్స్‌రే మెషీన్ల పెట్టెల్లో ఒకదాంట్లో, సీసం తొడిగి దాచారు. ఆ ఆఫీసర్ పసిగట్టాడు. చంపేశారు."

"ఏ పెట్టె?"

"అది చెప్పేలోపే పోయాడు."

"నా టీమ్?"

"నువ్వే."

"పోర్టు సెక్యూరిటీ?"

"అక్కడ కొత్త క్షిపణి ప్రదర్శన. మంత్రిగారొస్తున్నారు. అందరూ ఆయన చుట్టూనే ఉంటారు."

డేగకు ఒళ్లు మండింది. "డిటెక్టరైనా ఇస్తారా?"

కెమెరాలా కనిపించే పరికరాన్ని బాస్ ముందుకు తోశాడు. "పనిచెయ్యదు. రిపేరుకు నిధులడిగితే వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు. ఇంకో మాట. ముఠాతో నెమలి ఉంది."

నెమలి ఒకప్పుడు ఈ విభాగం ఏజెంటే. డేగకు వదిన, చనిపోయిన అన్నయ్య భార్య. చాన్నాళ్ల క్రితం ముఠాలో చేరి సమాచారం పంపుతూ, ఉన్నట్టుండి ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. అమ్ముడుపోయిందని ఫైలు మూసేశారు.

"కనిపిస్తే?"

"కాల్చెయ్."

పోర్టులో క్షిపణి నిగనిగలాడుతోంది. మంత్రి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నాడు. ఆ డిటెక్టర్‌ని మెడలో వేసుకుని ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషంలో ఉన్న డేగ జనంలోంచి జారుకుని రేవు వైపు నడిచాడు. ఒకేలాంటి పెట్టెల వరస. కాపలావాడు ఒక్కడూ లేడు.

"చిక్కిపోయావ్ మరిదీ."

తిరిగి చూశాడు. నీలం సిల్కు గౌను, నల్లకళ్లద్దాలు. నెమలి! డేగ పిస్టల్ తీశాడు.

"ఆ ఆఫీసర్ని చంపించింది నువ్వేనా వదినా?"

"చంపబోతున్నారని నిన్నంతా ఫోన్ చేస్తూనే ఉన్నా. మన ఎమర్జెన్సీ లైన్‌కి. ఆ నంబర్ వాడుకలో లేదట!"

"తీసేశారు," అన్నాడు డేగ. "ఖర్చులు తగ్గించమన్నారు."

ఆమె అద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్క ఫోన్ లైనురా! నేనిక్కడ ప్రాణాలరచేతిలో పెట్టుకుని బతుకుతుంటే, నా మాట వినడానికి ఒక్కడూ లేడు."

"నిన్నెలా నమ్మను?"

"నమ్మకు. ఆ ఫోర్క్‌లిఫ్ట్‌ని చూడు."

ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెల్ని ఒక్కొక్కటిగా క్రేన్ కింద దించుతోంది. చివరి పెట్టె ఎత్తగానే ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలు నేల మీంచి లేచాయి.

"ఎక్స్‌రే మెషీన్ అంత బరువుండదు," అంది నెమలి.

డేగ పరుగందుకున్నాడు. అప్పటికే పెట్టె క్రేన్‌కు తగిలించారు, గాల్లోకి లేచింది. ఓడ కెప్టెన్ వేషంలో ఉన్న ముఠా నాయకుడు అడ్డొచ్చి కాల్చాడు. డేగ మెడలోని డిటెక్టర్ ముక్కలైంది. రెండోసారి గురిపెట్టేలోపు నెమలి హ్యాండ్‌బ్యాగ్‌తో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. బ్యాగులో రివాల్వరుంది కాబట్టి దెబ్బ గట్టిగానే తగిలింది, వాడి తుపాకీ ఎగిరి నీళ్లలో పడింది. డేగ క్రేన్ కిందున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాడు.

పెట్టె డెక్‌కు బారెడు ఎత్తున ఆగి వేలాడింది. ఓడ ఇంజన్లు అప్పటికే తిరుగుతున్నాయి.

అవతల చప్పట్లు మోగాయి. క్షిపణికి.

సాయంత్రం సెల్లార్‌లో బాస్ నెమలికి టీ కప్పు అందించాడు, ముఖం చూడలేక. టీవీలో మంత్రి: "ఈనాటి ఘటన మన కళ్లు తెరిపించింది. అణ్వాయుధాల బడ్జెట్ రెట్టింపు చేస్తున్నాం."

"మరి మనకు?" అన్నాడు డేగ.

"ఈ గది ఖాళీ చెయ్యమన్నారు. కొత్త వార్‌హెడ్ల విభాగానికి స్టోర్‌రూమ్ కావాలట."

డేగ కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. "ఫోన్ ఎత్తేవాడుంటే ఆ మనిషి ఈపాటికి ఇంట్లో పిల్లల్తో ఉండేవాడు!"

నెమలి పడిపోయిన కుర్చీని లేపి అతని వైపు జరిపింది.

"కూర్చో మరిదీ. రెట్టింపు బాంబులు చేస్తారు, వాటికి సరైన కాపలా పెట్టరు. మన ఉద్యోగాలకు ఢోకా లేదు."