మూల ఖాళీగా ఉన్న బోర్డు

"ఆ చివరి మాట చెరిపెయ్యండి."

నిచ్చెన మీదున్న పెయింటరు కిందికి చూశాడు. పదేళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. బ్యాంకులకు రాశాడు, బడులకు రాశాడు, ఒకసారి పోలీసు స్టేషనుకు కూడా రాశాడు. చెరపమన్న మనిషిని మాత్రం ఇదే చూడటం.

"తప్పేముందండీ? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."

"అక్షరాలు ముత్యాలే. మాటే అబద్ధం."

'ఎనర్జీ హీలింగ్' అని మాత్రమే రాయమంది ఆమె. కింద చోటు ఊరికే పోతుందని 'అన్ని జబ్బులూ నయమగును' అని అతను సొంతంగా చేర్చాడు.

"మీ మంచికే వేశానండీ. నయమవుతుందని చెప్పకపోతే ఎవరొస్తారు?"

"నయం చేసేది ముందు గదిలో ఉన్న డాక్టరుగారు. వెనక గదిలో నేను ఆయన వైద్యానికి తోడు, అంతే. 'మందులతో పాటు, మందులకు బదులు కాదు' అని రాయండి. మీ చోటు కూడా నిండుతుంది."

అతను గుడ్డను టర్పెంటైనులో ముంచి తుడిచాడు. చెప్పినట్టే రాశాడు. ప్రతి బోర్డుకూ కుడి మూలన గోరంత సంతకం పెట్టడం అతని అలవాటు. దీనికి పెట్టకుండానే దిగాడు.

"మూల ఖాళీగా వదిలేశారేం?"

"అది నా సంతకం చోటు. ఇది నా బోర్డు కాదండీ, మీది."

"ఇంత రోషమా?"

"రంగు తక్కువైనా సర్దుకోవచ్చు గానీ, రోషం తక్కువైతే ఈ పని నిలవదండీ."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో అతని పని అయిపోయింది.

మరునాడు బోర్డు వంకరగా ఉందేమో చూడటానికి వచ్చాడు. ఆ మరునాడు రంగు ఆరిందో లేదో చూడటానికి. నాలుగో రోజు వాన పడింది. వానకు బోర్డు తట్టుకుంటుందో లేదోనని గంటన్నర వసారాలో నిలబడ్డాడు.

"రాసిన బోర్డులన్నిటినీ ఇలాగే పరామర్శిస్తారా?" అంది ఆమె, తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తూ.

"ఒంట్లో బాగాలేని వాటినే."

"దీనికేమైంది?"

"బోర్డుకేం కాలేదండీ."

రెండు నెలల్లో 'అండీ' ఊడిపోయింది. ఇక మిగిలింది అతని నాన్న ఒప్పుకోవడమే.

నాన్న రిటైరైన రైలు డ్రైవరు. తల్లి పోయాక ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. "చేతులు పెడితే జబ్బు పోతుందంటుందా ఆ పిల్ల? నేనే వెళ్లి చూస్తాను," అన్నాడు. నిద్ర పట్టడం లేదన్న వంకతో వచ్చాడు గానీ, అవి పెళ్లిచూపులేనని అందరికీ తెలుసు.

"ఏం చేస్తావమ్మా?"

"చెప్పులు విడిచి పడుకోండి చాలు. తల దగ్గరా భుజాల దగ్గరా చేతులు తేలిగ్గా ఆనిస్తాను. వద్దంటే జానెడు ఎత్తులో ఉంచుతాను. నలభై నిమిషాలు. కొందరికి వెచ్చగా ఉంటుంది, కొందరు నిద్రపోతారు, కొందరికి ఏమీ అనిపించదు."

"నాకూ అనిపించకపోతే?"

"లేదని చెప్పండి. మొహమాటానికి వెచ్చగా ఉందనొద్దు."

"జబ్బు తగ్గుతుందా?"

"తగ్గుతుందని చెప్పను. మనసు నెమ్మదించొచ్చు, నిద్ర పట్టొచ్చు. ఎనర్జీ అంటాం గానీ దాన్ని కొలిచి చూపించినవాళ్లు లేరు. ముందు మీ మాత్రల షీటు ఇలా ఇవ్వండి."

అది ఆమె నియమం. వాడే మందులు చూడనిదే ఎవరినీ మంచం ఎక్కనివ్వదు.

నాన్న అయిదు నిమిషాల్లో గుర్రుపెట్టాడు. బయట స్టూలు మీద కూర్చున్న పెయింటరుకు ఆ గురక సన్నాయిలా వినిపించింది. మూడు వారాలు అలాగే గడిచాయి. "పిల్ల బంగారంరా. వచ్చే వారం మాట ఖాయం చేసేద్దాం," అన్నాడు నాన్న.

ఆ వారం రానే వచ్చింది. ఆమె షీటు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మామయ్యగారూ, పోయినసారి ఎన్ని మాత్రలున్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయేం?"

"మానేశానమ్మా. నీ చేతి చలవ, ఒళ్లు హాయిగా ఉంది. ఇక బీపీ మాత్రలెందుకు?"

పెయింటరు ఉప్పొంగిపోబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"లేవండి," అంది ఆమె. "ఇవాళ మీకు ఈ మంచం లేదు. ముందు గదిలో చూపించుకోండి."

"నిన్ను పొగిడితే నన్నే లేవగొడతావా? కాబోయే మామను?"

"కాబోయే మామ కాబట్టి నోటితో చెబుతున్నాను. వేరేవాళ్లనైతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని."

నాన్న ముఖం ఎర్రబడింది. కొడుకు వైపు తిరిగాడు. "విన్నావా? ఇప్పుడే ఇలా ఉంటే రేపు ఇంటికొచ్చాక? నువ్వేమంటావు?"

ఆమె ముందు గది తలుపు తీసి పట్టుకుంది. షీటు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

"తను అన్నది బోర్డు మీద ఉంది నాన్నా," అన్నాడు పెయింటరు. "నేనే రాశాను. పదండి."

డాక్టరుగారు బీపీ ఒకసారి చూసి, నమ్మకం లేక మరోసారి చూశారు. అక్కడే మాత్ర వేయించి, గంటసేపు పడుకోబెట్టారు. ఇంకో రెండు రోజులు ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేనన్నారు.

లేచి వచ్చాక నాన్న వసారాలో స్టూలు మీద కూర్చున్నాడు.

"ముప్పై నాలుగేళ్లు బండి నడిపాను," అన్నాడు. "లైను ఖాళీగానే కనిపిస్తుంది. అయినా ఎర్రదీపం ఉంటే ఆగాలి. బండి దిగాక ఆ సంగతి మరిచాను." ఆమె వైపు చూశాడు. "దీపం చూపించే మనిషి మా ఇంట్లో లేదమ్మా. మీ అమ్మానాన్నల దగ్గరికి ఎప్పుడు రమ్మంటావు?"

"ఈ షీటు ఖాళీ అయ్యాక," అంది ఆమె. "రోజుకొకటి. నేను చూస్తాను."

నాన్న షీటు అందుకుని జేబులో పెట్టుకున్నాడు, రైలు పాసంత భద్రంగా.

పెయింటరు నిచ్చెన తెచ్చి, బోర్డు కుడి మూలన గోరంత సంతకం పెట్టాడు. పక్కన కాస్త చోటు వదిలాడు.

"అదెందుకు?"

"ఖాళీ ఉందని నా ఇష్టమొచ్చింది రాస్తే చెరిపిస్తావు. ఈసారి నువ్వే రాసుకో."

ఆమె నిచ్చెన ఎక్కింది. నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని తన సంతకం పెట్టింది. అక్షరాలు ఒకటి కొండ మీదికి, ఒకటి లోయలోకి పోయాయి.

"వంకరగా వచ్చింది. చెరిపెయ్యనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను."

పదేళ్లలో అతని బోర్డు మీద వంకర అక్షరం పడటం అదే మొదటిసారి. దాన్ని చూపించడానికి నాన్నను బోర్డు కిందికి పిలిచాడు.