నాడె తిరగని అంచు

జగిత్యాల బస్టాండు వెనక మేడమీద భూదేవి డిటెక్టివ్ ఆఫీసు. పొద్దున తొమ్మిదింటికే సిరిసిల్ల నుంచి వచ్చిన స్వర్ణలత కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. ఆమె షెడ్డులో నలభైమంది ఆడవాళ్లు అమెరికాకు పంపే ఏప్రన్లు కుడతారు.

"చైనా బట్ట మీద అమెరికోళ్లు మస్తు పన్నేసిన్రు మేడం. గందుకే గీ ఆర్డరు మాకొచ్చింది. బట్ట సిరిసిల్లల్నే నెయ్యాలన్నరు. నిన్న కొనేటోళ్ల దిక్కుంచి చెకింగుకొచ్చినాయన గోదాంల పన్నెండు తాన్లు చైనావని పట్టిండు. ఇయ్యాల పొద్దుగూకేలోపు ఎవలు పెట్టిన్రో చెప్పకుంటే ఆర్డరు వాపస్. అన్నిటికీ మాకు బట్ట నేసే దశరథం కాక పేరు చీటీలే ఉన్నయి."

వేములవాడ భక్తులతో కిక్కిరిసిన బస్సులో ముగ్గురూ నిలబడే సిరిసిల్లకు వెళ్లారు. మూడోమనిషి సహాయకురాలు ప్రవళిక. రెండేళ్లుగా వెంట తిరుగుతున్నా, మేడం చూసేదాన్ని ఆమెకంటే ముందు చూడటం ప్రవళికకు ఒక్కసారీ చేతకాలేదు.

గోదాంలో భూదేవి రెండు తాన్లను పక్కపక్కన పరిచింది. ఒకదాని అంచు నున్నగా ఉంది. రెండోదాని అంచున దారపు కొసలు కుచ్చుల్లా బయటికొచ్చాయి.

"మన మరమగ్గం సాంచెల దారం మోసే నాడె అటుపోయి ఇటు తిరిగొస్తది, అంచుకాడ దారం తెగది. ఇది నాడెలేని మిషన్ల నేసింది. అది సరే, చీటీలు కట్టిన ముడులు చూడు," అంది ప్రవళికతో.

ప్రవళిక చూసింది. నున్నటి తాన్లకు బియ్యపుగింజంత ముడి. కుచ్చుల తాన్లకు రెండుచుట్లు తిప్పి, కొస లోపలికి దోపి లాగిన ముడి. ఫోటోలు తీసుకుంది గాని ఏమీ అర్థం కాలేదు.

దశరథం షెడ్డులో సాంచెల చప్పుడుకు అరిచి మాట్లాడాల్సి వచ్చింది. తెగిన దారాన్ని చూడకుండానే ముడివేస్తూ అన్నాడు: "నా చీటీల కట్ట గోదాంల్నే పడుంటది. అంత బట్టకు ఇరవై రోజులైతదంటే ఆర్డరు తెచ్చిన సాకేత్ రావు పదిరోజులల్లనే కావాలన్నడు. సాంచె బిడ్డా ఇది, సెల్‌ఫోనా, వత్తంగనే రానీకి?"

గోదాం తాళంచెవులు స్వర్ణలత గాక మరిద్దరి దగ్గరున్నాయి: మిషన్లు బాగుచేసే నరేశ్, ఆర్డరు తెచ్చిన కోరుట్ల పసుపు వ్యాపారి సాకేత్ రావు.

"నూనె చేతులతోని నేను బట్ట ముట్టుకుంటే అక్క ఊకుంటదా?" అన్నాడు నరేశ్.

"ముసలాయనే చేసిండు. చీటీలు కనబడ్తలేవా?" అన్నాడు సాకేత్ రావు.

సాయంత్రం కుట్టు మిషన్ల మధ్య అందరినీ కూర్చోబెట్టింది భూదేవి. చెకింగు మనిషీ వచ్చాడు. దశరథం, నరేశ్, సాకేత్ రావు ముగ్గురికీ తలో చీటీ, దారం ఇచ్చింది.

"తానుకు కట్టున్రి."

దశరథం చేతిలో గింజంత ముడి పడింది. నరేశ్ బూటు లేసులా పువ్వుముడి వేశాడు. సాకేత్ రావు వేళ్లు రెండుచుట్లు తిప్పి, కొస దోపి లాగాయి. ఆ తర్వాతే ఆయన తన చేతివంక చూసుకున్నాడు.

"కోరుట్ల యార్డుల పసుపు బస్తా మూతి గిట్లనే కడ్తరు రావు సాబ్," అంది భూదేవి. "సాంచెమీద పెరిగిన మనిషికి గింజముడి తప్ప ఇంకోటి రాదు. దశరథం చీటీలు తీసుకొని మీరే కట్టిన్రు."

సాకేత్ రావు తానును వదిలేసి స్వర్ణలత వైపు తిరిగాడు.

"మన మీద గూడ పన్నేస్తరని రోజూ పేపర్ల వస్తున్నది. సరుకు ఓడ గా లోపల్నే పోవాలె. అమెరికాకు పోలేక చైనా బట్ట సూరత్‌ల అగ్గువకు పడున్నది. తెచ్చి కలిపిన. ఆర్డరు నిలబెడ్దామనే, స్వర్ణక్కా."

"అమెరికా, చైనా కొట్లాడుకుంటేనే మాకు గీ పని దొరికింది. మీరు దాన్నిట్ల నిలబెడ్తరా?" అంది స్వర్ణలత. 

చెకింగు మనిషి బయటికెళ్లి ఫోను మాట్లాడి వచ్చాడు. "ఇక్కడ నేసినవి తీసుకుంటాం. ఆ పన్నెండు మళ్లీ నేసివ్వాలి. ఎన్ని రోజులు?"

అందరూ దశరథం వైపు తిరిగారు.

"పది దినాలు. అంతకంటె తక్కువ నాతోని గాదు."

"పది రోజులల్ల పన్ను మన మీద పడితే?" స్వర్ణలత అడిగింది.

"అది నాకూ తెలియదమ్మా," అన్నాడు చెకింగు మనిషి.

తన షెడ్డుకు పోవడానికి దశరథం అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.