అరవై రెండు స్కూళ్ళ ఆకునీరు

మంచినీళ్ళ ట్యాంకులో ఇంక రెండు రోజుల నీళ్ళే ఉన్నాయి. డాక్టర్ హైమావతి కంట్రోల్ రూంలో మూడోసారి లెక్క చూసుకుంది. లెక్క మారలేదు.

గుండ్లమడకకు ఏరు లేదు, చెరువు లేదు. ఉన్నదల్లా హైమావతి కట్టిన ఆకునీటి యంత్రం. ఊరు వాడి పారబోసిన నీరంతా గాజుకప్పు కింద పెంచిన కానుగ చెట్ల వేళ్ళకు చేరుతుంది. ఆకుల అడుగున కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఆ నీరే ఆవిరిగా బయటికొచ్చి, చల్లటి గొట్టాల మీద చుక్కలు కట్టి, ట్యాంకులో మంచినీరవుతుంది.

ఏ చెట్టుకు ఎంత నీరు వదలాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దానికి కబురందించేది మాత్రం బడిపిల్లలు. సెన్సార్లు పెడితే దుమ్ముకు నెల తిరక్కుండానే మొరాయించాయి. అందుకని అరవై రెండు స్కూళ్ళకు తలా ఒక చెట్ల వరస అప్పగించారు. ఏడో తరగతి పిల్లలు కొమ్మకు పాలిథిన్ సంచి కట్టి, గంట తరవాత లోపల ఎన్ని చుక్కలు పట్టాయో చూసి రికార్డు పంపుతారు. ఈ ఏర్పాటంటే హైమావతికి మహా గర్వం.

మూడు వారాలుగా రికార్డులన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ట్యాంకేమో ఎండుతోంది.

ఆమె సరాసరి చెట్ల తోట తూర్పు గేటు పక్క స్కూలుకు వెళ్ళింది. సైన్సు మాస్టారు ఓబులేసునూ పిల్లలనూ వెంటబెట్టుకుని, వాళ్ళ వరసలో ఒక కొమ్మకు కట్టిన సంచి విప్పి చేయి పెట్టింది. పొడి. తడి తగిలితే గులాబీ రంగుకు తిరిగే నీలం కాగితాన్ని ఆకు అడుగున అదిమి పట్టింది. కాగితం నీలంగానే ఉంది.

"మాస్టారూ, మీ రికార్డులో సంచి నిండా చుక్కలని ఉందే?"

ఓబులేసు సైన్సు పుస్తకం తెరిచి చూపించాడు. "పాఠంలో అట్లనే ఉంది మేడమ్. లేవని రాస్తే పిల్లోళ్ళకు మార్కులు పోతాయి. మా సార్లు గూడా మాతో అట్లనే రాయించినారు."

హైమావతికి అంతా అర్థమైంది. చెట్లకు నీరు ఎక్కువవుతోందని నమ్మి కంప్యూటర్ రోజురోజుకూ తగ్గించింది. దాహానికి తట్టుకోలేక చెట్లు ఆకుల రంధ్రాలు మూసేసుకున్నాయి.

"ఒక్కరైనా నిజం రాయలేదా?"

వెనకనుంచి నూర్జహాన్ అనే పిల్ల చేయెత్తింది. "నేను రాసినాను మేడమ్. సార్ కొట్టేసి సున్నా ఏసినారు."

హైమావతికి మాస్టారి మీద ఒళ్ళు మండింది, ఆ పిల్లను చూస్తే ఏడుపొచ్చింది. ఇంకా దారి ఉంది. నిజంగా ఎండిన వరసలేవో తెలిస్తే, వాటికి మాత్రం ట్యాంకులోంచి కాస్త వదిలి ఊరిని గట్టెక్కించొచ్చు. నూర్జహాన్ రికార్డును ఫోటో తీసి అన్ని స్కూళ్ళకూ పంపింది: "ఇదీ సరైన రికార్డు. ఇలా రాసి ఈ పూటే పంపండి."

రెండు గంటల్లో అరవై రెండు రికార్డులూ వచ్చిపడ్డాయి. అన్నిట్లోనూ ఒకటే మాట: చుక్క కూడా లేదు. కంప్యూటర్ క్షణం ఆలోచించకుండా ట్యాంకు గేట్లన్నీ ఎత్తేసింది.

తోట మొత్తం చచ్చిపోతోందా? హైమావతి రికార్డులు తిప్పింది. మొదటిదాంట్లో చివరన ఒక వాక్యం ఉంది: "మా మేక రెండాకులు తినేసింది." రెండోదాంట్లో మేక. పడమటి కొసన ఉన్న స్కూలు రికార్డులోనూ మేకే.

ఆమె పరుగెత్తి గేట్లు మూయించేసరికి ట్యాంకు అడుగు తేలింది. ఆకులు మళ్ళీ నీరివ్వాలంటే నాలుగు రోజులు పడుతుంది. ఊళ్ళో నలభై వేల గొంతులు.

ఓబులేసుకు ఫోన్ చేసింది. "ఈ మేక ఎవరిది మాస్టారూ?"

"నూర్జహాన్ వాళ్ళది మేడమ్. తోట పక్కనే వాళ్ళ ఇల్లు."

"అరవై రెండు స్కూళ్ళ చెట్లూ అదే తినిందా?"



"మీరే గదా మేడమ్," అన్నాడు ఓబులేసు, "ఇదీ సరైన రికార్డని పంపించినారు?"