కోడలి గాలిపెట్టె

"టీ చల్లారిపోతోంది, మళ్ళీ వెచ్చబెట్టేది లేదు!" అని సుగ్రా వంటింట్లోంచి కేకేసింది. ఆ కేక తన కోసం కాదని నవాజ్‌కి తెలుసు. అతను టీ ఎప్పుడో తాగేసి, వసారాలో కిటికీ ఊచకి అద్దం తగిలించుకుని గడ్డానికి సబ్బు రాసుకుంటున్నాడు. ఆవిడ పిలుస్తున్నది ముందుగదిలో మూసిన తలుపు వెనక కూర్చున్న ఇద్దరిని. ఒకరు ఆవిడ భర్త బడే మియా, రెండోవారు కోడలు జుబియా. అంటే నవాజ్‌కి ఒకరు కన్నతండ్రి, ఒకరు కట్టుకున్న భార్య. రోజూ పొద్దున్నే వాళ్ళిద్దరూ కలిసి తనని వెలేసినట్టు ఉండేదతనికి.

"ఆఁ, వస్తున్నాం!" అని బడే మియా వీధి చివరికి వినపడేలా అరిచాడు. పెళ్ళిళ్ళలో, ఉరుసుల్లో జీవితమంతా గరాటా మైకుల పక్కన నిలబడ్డ మనిషి. మెల్లగా మాట్లాడడం ఎప్పుడో మర్చిపోయాడు.

ఇంతలో గదిలోంచి గాలి లేచింది. నిజం గాలి కాదు, జుబియా చేసిన గాలి. ముందు నేలమీద బస్తా ఈడుస్తున్నట్టు అడుగునుంచి మొదలవుతుంది. మెల్లగా పైకి ఎక్కుతుంది. ఎక్కి ఎక్కి, ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ తర్వాత సన్నగా ఈల, ఈల చివర చిన్న వణుకు. నవాజ్ చేతిలో రేజరు రోజూ ఆ గాలి ఆగినచోటే ఆగేది.

"సవతి పోరు ఆడవాళ్ళకే ఉంటుందనుకున్నానురా ఇన్నాళ్ళూ," అంది సుగ్రా, చీపురు పట్టుకుని వసారాలోకి వస్తూ. "ఏం మొహం అది? సబ్బు ఎండిపోతోంది చూడు."

"నాకేం పోరు అమ్మీ? వాళ్ళ గోల వాళ్ళది."

"అవునవును. మరి ఆ పెట్టె మోగినప్పుడల్లా పళ్ళెందుకు నూరతావో!"

పళ్ళు నూరడానికి కారణం ఉంది లెండి. బెజవాడ వించిపేట మలుపులో 'బడే మియా అండ్ సన్ సౌండ్ సర్వీస్' అని ఒక బోర్డుంది. నవాజ్ పుట్టినప్పుడు మురిసిపోయి రాయించిన బోర్డు అది. కానీ ఆ సన్‌గారికి కొట్లో చోటు దక్కలేదు. పదో తరగతి సెలవుల్లో తండ్రి వెంట ఇబ్రహీంపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళాడు. మైకు కుయ్యిమని కూయడం మొదలుపెడితే, ఏ గరాటా నుంచి వస్తోందో పోల్చుకోలేక తెల్లమొహం వేశాడు. అంతే, పెళ్ళివారందరి ముందూ బడే మియా, "నీకు చెవి లేదురా! పో, ఏ కొట్లోనన్నా కూర్చుని బోల్టులు అమ్ముకో!" అనేశాడు. ఆయన ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు. నవాజ్ మర్చిపోలేదు. నిజంగానే ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో కుదిరి, నిజంగానే బోల్టులు అమ్ముకుంటున్నాడు.

అలాంటి ఇంటికి బందరు నుంచి కోడలుగా వచ్చింది జుబియా. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిన పిల్ల. ఒకరోజు పాత స్పీకరు పెట్టె ముందేసుకుని కూర్చుంటే, "ఏమిటే ఇది?" అన్నాడు నవాజ్.

"మాడ్యులర్ సింథసైజర్ అండి," అంది కళ్ళు మెరిపిస్తూ. "కీబోర్డులాగా రెడీమేడ్‌గా కొనుక్కునేది కాదు. చప్పుడు పుట్టించే ముక్క ఒకటి, దాన్ని వడకట్టే ముక్క ఒకటి, ఊపే ముక్క ఒకటి... అన్నీ మనమే చేసుకుని, తీగలతో కలుపుకోవాలి. తీగ ఎక్కడ గుచ్చితే అక్కడి చప్పుడు!"

ఇంటర్నెట్ సెంటర్లో సర్క్యూట్లు ప్రింటు తీయించుకుంది. గవర్నరుపేటలో ఐసీ చిప్పులు కొనుక్కుంది. తిప్పే నాబులు బిగించే పలకల కోసం ఆటోనగర్‌లో అల్యూమినియం రేకు కోయించి తెచ్చింది నవాజే. అప్పట్లో అతనికీ అదంతా ముద్దుగానే ఉండేది.

మొదట్లో ఆ పెట్టె కందిరీగల తుట్టెలా జుయ్యిమనడం తప్ప ఇంకేం చేసేది కాదు. అటుగా వెళ్తున్న బడే మియా, "ఎర్తు సరిగ్గా లేదు బేటీ" అని వంగి చూశాడు. అలా వంగిన మనిషి మరి లేవలేదు. పాత యాంప్లిఫయర్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి ఇచ్చాడు. ఆత్రం కొద్దీ జుబియా కనిపించిన సర్క్యూటల్లా చేసి బిగించేస్తే, "ఇంతమంది ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట వింటాం? తీసెయ్" అని సగం ముక్కలు తీయించాడు. మిగిలినవాటిని ఒక్కొక్కటే మళ్ళీ మళ్ళీ సరిచేయించాడు. బెజవాడ ఎండకి పెట్టె వేడెక్కి శ్రుతి జారిపోతుంటే, పొద్దున చల్లపూటే పని చేద్దామన్నాడు. కన్నకొడుకు విషయంలో ఒక్క సాయంత్రం ఓపిక పట్టని మనిషి, కోడలి విషయంలో ఏడాది పొడుగునా ఓపిక పట్టాడు. కడుపు మండిపోదూ మరి?

పైగా ఇప్పుడు ఆ పెట్టెకి పనికూడా తగిలింది. గన్నవరం నాటక సమాజం వాళ్ళు దివిసీమ ఉప్పెన మీద నాటకం కట్టారు. క్యాసెట్లో గాలి వాళ్ళకి నచ్చలేదు. ఉప్పెన వచ్చినప్పుడు అవనిగడ్డ దగ్గర మైకు కట్టడానికి వెళ్ళి ప్రాణాలతో బయటపడ్డవాడు బడే మియా. "ఆ గాలి నాకు తెలుసు, నేనూ మా కోడలూ చేసిపెడతాం" అని వాళ్ళకి మాటిచ్చేశాడు. ప్రదర్శన ఆవేళ సాయంత్రమే.

ఎట్టకేలకు ఇద్దరూ టీకి వచ్చారు.

"కుదిరింది సుగ్రా! అచ్చం అదే గాలి!" అన్నాడు బడే మియా గ్లాసు అందుకుంటూ. "నవాజ్, సాయంత్రం పెట్టె తీసుకెళ్ళడానికి ఆటో మాట్లాడరా. అన్నట్టు, మన బోర్డు వెలిసిపోయింది. పెయింటర్‌కి చెప్పాను. కొత్త బోర్డు ఏమిటో తెలుసా? బడే మియా అండ్ డాటర్!"

"అయ్యో, వద్దు మామూ!" అంది జుబియా, భర్త మొహం చూసి.

"మరి సన్‌ని ఏం చేశారు?" అన్నాడు నవాజ్. నవ్వుతూ అడగాలనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

"నువ్వెలాగూ కొట్టుకి రావు కదరా!" అని బడే మియా హాయిగా నవ్వి, టీ ఊదుకున్నాడు.

రావు కదా అట! రానిచ్చిందెవరు? సన్... తన పుట్టుకతో గోడెక్కిన రెండక్షరాలు. కొట్లో చోటు లేకపోయినా ఆ బోర్డు మీద చోటుందిలే అని ఇన్నేళ్ళూ ఆ దారినే, దాన్ని చూసుకుంటూ పనికి పోయేవాడు. ఇప్పుడు అదీ ఆవిడగారికే.

బడే మియా స్నానానికి వెళ్ళాడు. జుబియా బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్ళింది. నవాజ్ ముందుగదిలోకి వెళ్ళి పెట్టె ముందు నిలబడ్డాడు. రంగురంగుల తీగలు చిక్కుపడ్డ నూలులా వేలాడుతున్నాయి. ఒకటి లాగాడు. ఏమీ కాలేదు. ఇంకోటి లాగాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. తీగలన్నీ పీకేశాడు, నాబులన్నీ ఇష్టమొచ్చినట్టు తిప్పేశాడు. అంతా అయ్యాక ఖాళీ పెట్టెని చూస్తే ఒక్క నిమిషం మహా సుఖంగా అనిపించింది. ఆ తర్వాత సాయంత్రం నాటకం గుర్తొచ్చింది. చేతిలో తీగల కట్టని బల్లమీద పడేసి, గబగబా వచ్చి చొక్కా తొడుక్కున్నాడు.

గుండీలు పెట్టుకునేలోపే జుబియా గొంతు వినపడింది. "మామూ! ఇలా రండి మామూ!"

అందరూ పరుగెత్తుకొచ్చారు. జుబియా పెట్టె ముందు కూలబడి ఉంది. "పిల్లి గానీ దూరిందా?" అంది సుగ్రా ఆదుర్దాగా.

బడే మియా బల్లమీది తీగల కట్ట ఎత్తి చూశాడు. తీగల్ని సగానికి మడిచి, మెడ దగ్గర రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి ఉంది.

"పిల్లికి ముడి వెయ్యడం వచ్చా?" అన్నాడు. "ఇది నా ముడి. పని అయిపోయాక మైకు తీగలు కట్టే ముడి. నేను ఒక్కడికే నేర్పాను." తలెత్తి కొడుకు వంక చూశాడు.

నవాజ్‌కి ఇక దాచడానికి ఏం మిగల్లేదు. "అవును, నేనే! ఏం చేస్తారు? మీరు నేర్పింది అదొక్కటే కదా! ఆవిడకి ఎర్తు నేర్పారు, శ్రుతి నేర్పారు. నాకు తీగలు చుట్టడం నేర్పారు. ఆఖరికి ఆ బోర్డు మీద నన్నుకూడా చుట్టి మూల పడేస్తున్నారు!"

"నోర్ముయ్!" అంది సుగ్రా.

"అననీ అమ్మీ," అంది జుబియా. ఏడుస్తోంది, కానీ గొంతు గట్టిగానే ఉంది. "అడగాల్సింది ఇంకోటుంది. ఏమండీ, మీరు వచ్చి నా పక్కన కూర్చుంటానంటే నేను వద్దన్నానా? రేకు తెచ్చిచ్చిన మనిషి, దాంతో ఏం చేశావని ఒక్కసారన్నా అడిగారా? రోజూ తలుపు ఎవరి కోసం తీసిపెట్టానో తెలుసా? మీరు విసురుగా వేసేవారు."

నవాజ్ తలుపు వంక చూశాడు.

"సరే, జరిగిందేదో జరిగింది," అన్నాడు బడే మియా. "మళ్ళీ కలుపు బేటీ. ఎండెక్కకముందే అయిపోవాలి."

"తీగలూ నాబులూ ఎలా ఉన్నాయో రాసిపెట్టుకోలేదా?" అంది సుగ్రా.

"రాసి లాభం లేదు అమ్మీ. వేడికి రోజూ జారిపోయేవే ఇవి. రోజూ చెవితో సరిచేసుకోవాల్సిందే." కళ్ళు తుడుచుకుని తీగలు గుచ్చడం మొదలుపెట్టింది. గాలి లేచింది గానీ, బండి ఇంజను రొప్పుతున్నట్టు లేచింది. నాబులు తిప్పింది, పీకింది, మళ్ళీ గుచ్చింది. "ఎన్ని రకాలు చేశానో, చివరికి ఏది ఉంచానో, అన్నీ కలిసిపోయాయి మామూ. నాకు ఏదీ తెలియడం లేదు."

ఇంకోసారి గాలి లేచింది. అడుగునుంచి ఎక్కింది, ఆగింది. అక్కడితో సరి, ఇంకేం లేదు.

"అదే! వచ్చేసింది!" అన్నాడు బడే మియా చప్పట్లు కొట్టి.

"ఈల ఏదీ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ నవాజ్, తనకి తెలియకుండానే.

"ఉందిగా! ఎంత బాగుందో!" అన్నాడు బడే మియా.

జుబియా మెల్లగా వెనక్కి తిరిగింది. ఆమె చేతిలో తీగ ఒకటి ఇంకా మిగిలే ఉంది. ఈల కోసం గుచ్చాల్సిన తీగ అదే. "మామూ," అంది, "ఈల తీగ నేనింకా పెట్టనేలేదు."

బడే మియా ఆ తీగని చూశాడు, కోడలిని చూశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు.

"సన్నటి చప్పుళ్ళు వినపడడం మానేసి చాన్నాళ్ళైంది," అన్నాడు. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడడం నవాజ్ ఎప్పుడూ వినలేదు. "ఈల ఎలా ఉండాలో గుర్తుంది. అదే చెప్పాను. కుదిరిందో లేదో నీ మొహం చూసి తలూపేవాణ్ణి బేటీ. చెవి పోయిన సౌండ్ సర్వీసోణ్ణి ఎవరు పిలుస్తారు చెప్పు?"

తండ్రి సొత్తంతా భార్య కాజేస్తోందని ఏడాదిగా ఉడికిపోయాడే నవాజ్, ఆ సొత్తు ఆయన దగ్గరే కరిగిపోతోందని ఒక్కపూటన్నా గమనించలేదు. తను మాత్రం ఏం చేశాడు? గోడకి ఇవతల నిలబడి, పళ్ళు నూరుకుంటూ, ఆ గాలిని రోజూ చివరిదాకా విన్నాడు. వినకూడదనుకుంటూనే విన్నాడు. అందుకే ఆ గాలి ఇప్పుడు అతని ఒంట్లో ఉంది.

వసారాలోకి వెళ్ళి, అద్దం దగ్గర తను రోజూ నిలబడే చోట నిలబడ్డాడు.

"జుబియా, మొదటినుంచీ కానీ," అన్నాడు కిటికీలోంచి.

గాలి లేచింది. "ఇంకా కింద. బస్తా ఈడ్చినట్టుండాలి... ఆఁ. అంత తొందరగా ఎక్కకూడదు... ఇప్పుడు ఆపు. ఇంకొంచెంసేపు ఆపాలి, ఊపిరి బిగబట్టినట్టు. ఇప్పుడు ఈల... లావుగా ఉంది, సన్నం చెయ్యి. ఇంకా. చివర్లో వణకాలి."

"వణుకా? ఉండేదా?" అంది జుబియా లోపల్నుంచి.

"ఉండేది. నా రేజరు కూడా వణికేది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఏ నాబు తిప్పిందో గానీ, ఈల కొసన ఆ వణుకు వచ్చి చేరింది. నవాజ్ కిటికీ ఊచ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అదే," అన్నాడు.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి భుజం మీద పడింది. బడే మియా.

"చెవి లేదన్నాను కదరా నిన్ను."

"మీకు గుర్తుందా అబ్బాజాన్?"

"ఎందుకు గుర్తుండదు? ఆ కూత ఎక్కణ్ణుంచి వస్తోందో ఆవేళ నాకూ తెలియలేదు. నలుగురిలో పరువు పోతుందని నీ మీద అరిచాను." "మాఫ్ చెయ్యరా."

"నేనే తప్పు చేశాను," అన్నాడు నవాజ్. లోపలికి వెళ్ళి భార్య పక్కన నేలమీద కూర్చున్నాడు. ఈ గాలికి అక్కర్లేక కట్టలో మిగిలిపోయిన రెండు తీగలూ విప్పి, ఒక్కొక్కటీ ఆమె చేతికి అందించాడు. జుబియా అతని మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చుంది. సుగ్రా అందరికీ మళ్ళీ టీ పెట్టింది, ఈసారి ఎవర్నీ కేకెయ్యకుండా.

సాయంత్రం గన్నవరంలో పెట్టె దింపేటప్పుడు నవాజ్ దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఎండకి జారినవాటిని నవాజ్ చెవితోనే మళ్ళీ సరిచేసుకుని, తెర పక్కన జుబియా నాబుల దగ్గర కూర్చుంది. నవాజ్ జనంలోకి ఒక చెవి పడేసి నిలబడి, పెంచమనో తగ్గించమనో ఆమెకి చేత్తో సైగ చేస్తున్నాడు. బడే మియా కొడుకు వెనకే నిలబడ్డాడు, భుజం మీద చెయ్యి వేసి.

ఉప్పెన రంగం వచ్చింది. గాలి అడుగునుంచి లేచి, ఎక్కి ఎక్కి, ఆగింది. జనం ఊపిరి బిగబట్టారు. ఈల మొదలైంది. బడే మియాకి అది వినపడలేదు. కానీ ఆ చివరి వణుకు దగ్గర తన చేతికింద కొడుకు భుజం వణికింది. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు.

"వచ్చిందిరా," అన్నాడు. "అదే గాలి."