పదకొండు నొప్పి డైరీలు

ఆదివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద పదకొండు నోటు పుస్తకాలు పరుచుకుని కూర్చుంది పెద్దమ్మాయి. మూడో పుస్తకం తెరిచేసరికి అనుమానం వచ్చింది. ఆరో పుస్తకానికి ఒళ్ళు మండింది. పదకొండోది ముగించి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

ఆమె ఫిజియోథెరపీలో పరిశోధన చేస్తోంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ దెబ్బతింటే, కొద్దికొద్దిగా బరువు ఎత్తించే వ్యాయామంతో అది ఎంతవరకు కోలుకుంటుందో తేల్చడం ఆమె పని. మోచేతి నొప్పి ఉన్నవాళ్ళు నలభై మంది కావాలి. తల్లి పనిచేసే కుట్టు షాపులో రోజంతా కత్తెర, సూది పట్టి మోచేతులు నొప్పెట్టినవాళ్ళు, తల్లితో కలిపి, పదకొండు మంది దొరికారు. వాళ్ళు రోజూ వ్యాయామం చేసి, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి. అంతే.

ఆ అంకెలే ఇప్పుడు కొంప ముంచాయి. ప్రతి పుస్తకంలోనూ మొదటి వారం ఎనిమిది, రెండో వారం ఏడు, మూడో వారం ఆరు. ఆఖరి వారానికి అందరికీ మూడు. పదకొండు మంది నొప్పీ కూడబలుక్కున్నట్టు బుద్ధిగా మెట్లు దిగింది.

"అమ్మా, ఒకసారి ఇలా రా."

తల్లి ఎడమచేత్తో టీ కప్పు తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"ఈ అంకెలు ఎవరు వేశారు?"

"ఎవరి పుస్తకంలో వాళ్ళే వేసుకున్నారు."

"ఎవరు చెప్తే వేశారు?"

తల్లి తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "కాజాల పిన్ని తొమ్మిది వేసింది. నేనే దిద్దించాను. అందరూ తొమ్మిదులు వేసి కూర్చుంటే నీ పరిశోధన ఏం బాగుంటుంది?"

షాపులో చొక్కాలకు కాజాలు కుట్టే పిన్ని చేత నొప్పిని కూడా దిద్దించిందట ఈవిడ. మరొకప్పుడైతే పెద్దమ్మాయి పడీపడీ నవ్వేది. ఇప్పుడు చేతికందిన పుస్తకాన్ని టేబుల్ మీద కొట్టింది.

"ఇవేమన్నా పరీక్ష మార్కులనుకున్నావా? రెండేళ్ళ పనమ్మా ఇది. ఎల్లుండి గైడు ముందు పెట్టాలి. ఇవి అబద్ధాలని తెలిస్తే మిగతావాళ్ళవి మాత్రం ఎవరు నమ్ముతారు?"

"నీ మంచి కోసమే కదే చేసింది."

"నా మంచి చూడమని నిన్నెవరు అడిగారు?"

"నువ్వే అడిగావు." తల్లి గొంతు కూడా లేచింది. "మొదటి రోజు షాపుకొచ్చి పుస్తకాలు పంచుతూ ఏమన్నావ్? 'ఇది నెగ్గితేనే నేను గట్టెక్కుతాను పిన్నీ, అంతా మీదే భారం' అనలేదూ? నిన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాళ్ళే అక్కడ. ఆ మాట విన్నాక, నీ వైద్యం పనిచెయ్యడం లేదని ఎవరికి రాయబుద్ధవుతుంది?"

పెద్దమ్మాయి అన్న మాట నిజమే. నవ్వుతూ అంది. అలా అనకూడదని పరిశోధనలో మొదటి రోజే నేర్పిస్తారు.

కోపం పోలేదు కానీ, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. "ఆ కప్పు కుడిచేత్తో పట్టుకో," అంది.

"ఇప్పుడెందుకే?"

"పట్టుకో అమ్మా."

తల్లి పట్టుకుంది. వేళ్ళు వణికి టీ సగం టేబుల్ మీద ఒలికింది.

"వ్యాయామం రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నావు?"

"వంద."

"ముప్పై కదా నేను చెప్పింది."

"ఎల్లుండిలోగా తగ్గాలి కదా మరి. పైగా బరువు పెంచమన్నావు నువ్వే."

నిజం. నొప్పి మూడుకు వచ్చిందని పోయిన వారం తనే పెంచమంది. ఇదే టేబుల్ దగ్గర, తల్లి పుస్తకం చూసి చెప్పింది. తలెత్తి మనిషిని చూడలేదు. నొప్పి ఏడు దాటితే బరువు ఆపించాలని నియమం రాసుకున్నది కూడా తనే.

ఫోను తీసి గైడుకు కలిపింది. "సార్, షాపువాళ్ళ పదకొండు పుస్తకాలూ పక్కన పెట్టాలి. అంకెలు నిజం కావు. తప్పు వాళ్ళది కాదు, నాది." అవతలి గొంతు చాలాసేపు మండిపడింది. ఆమె అన్నిటికీ "అవును సార్" అంది.

"ఏమన్నాడు?" తల్లి భయం భయంగా అడిగింది.

"ఆరు నెలలు వెనక్కి పోయాను. వాళ్ళందరి చేతులూ రేపే చూస్తాను. నీ మీద ఇంకా కోపంగానే ఉంది. ముందు కూర్చో."

తల్లి చేతిని ఒళ్ళోకి తీసుకుని మోచేతి పక్కన మెల్లగా నొక్కింది. "ఎంతమ్మా?"

"మూడు."

"అమ్మా."

తల్లి కిటికీ వైపు చూసింది. "తొమ్మిది. రెండు వారాలుగా దువ్వెన కూడా పట్టుకోలేకపోతున్నానే. షాపుకెళ్ళాక కాజాల పిన్ని జడ వేస్తోంది."

ఈ రెండు వారాలూ తల్లి జుట్టు ముడేసుకుని గడప దాటడం పెద్దమ్మాయి రోజూ చూసింది. తొందరలో ఉందేమో అనుకుంది. ఆ చేతిని అలాగే పట్టుకుని, దాని మీదికి వంగి ఏడ్చింది.